ఎర్రబండికి పెట్టిన వంకలు

కర్నూలు వన్‌టౌన్‌లో కేశవయ్య శెట్టి పట్టల అంగడి తెలియని లారీవాడు లేడు. లారీల మీద కప్పే టార్పాలిన్ పట్టలు, వాటిని బిగించే మోకులు, రైతులకు గోనెసంచులు, అదీ వాళ్ల వ్యాపారం. డెబ్బై దాటిన కేశవయ్య ఇప్పటికీ పొద్దున్నే వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. తిరుగుడంతా కొడుకు రాఘవేంద్రప్రసాద్‌ది. నలభై నిండిన మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, ఊళ్లో పది మందీ ప్రసాద్ శెట్టిగారూ అని పిలిచేవాడు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. కొనాలనుకున్న వస్తువును మెచ్చుకోకూడదు. ఎంత నచ్చితే అన్ని వంకలు పెట్టాలి. మెచ్చుకోవడమనేది అమ్మేటప్పుడు చేయాల్సిన పని. బేరానికి ఇది మంచిదే, కాదనను. కానీ అంగట్లో పుట్టిన అలవాటు అంగట్లో ఉండిపోలేదు, ఇంట్లోకి కూడా వచ్చేసింది. పప్పు బ్రహ్మాండంగా కుదిరిన రోజు కేశవయ్య ఉప్పు ఒక పలుకు ఎక్కువైందని సణుగుతూ మళ్లీ మళ్లీ వడ్డించుకుంటాడు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ దానికే మురిసిపోతుంది. ప్రసాద్ ఆదోనికి పెళ్లిచూపులకు పోయి వచ్చి, పిల్ల పొట్టి అన్నాడు, గొంతు మరీ సన్నం అన్నాడు, నవ్వితే కళ్లు మూసుకుపోతాయన్నాడు. ఇంత వివరంగా చూసినవాణ్ని ఇంకా అడిగేదేముందని కేశవయ్య ఆ వారంలోనే తాంబూలాలు పుచ్చుకున్నాడు. పెళ్లయ్యాక ఆ సంగతి తెలిసి ఆ పిల్ల, నాగశ్రీ, కొన్నాళ్లు అలిగింది. తర్వాత ఆమెకూ ఆ భాష పట్టుబడింది.

అలాంటి ఇంట్లో పెరిగినవాడికి ఒక్క ఇబ్బంది ఉంటుంది. ‘నాకిది కావాలి’ అన్న మాటకు నోరు తిరగదు. ఇంట్లోవాళ్లు వంకలు విని అర్థం చేసుకుంటారు కాబట్టి, ప్రసాద్‌కు ఆ ఇబ్బంది ఉన్నట్టే చాలా ఏళ్లు తెలియలేదు.

రెండువేల ఎనిమిది వేసవిలో తెలిసింది. కడప జిల్లా మంగంపేట ముగ్గురాయి గనుల లారీలకు పట్టలు వేసుకుని పోతుంటే, గనుల దాపునే అతని పాత వ్యాను ఆగిపోయింది. అటు వస్తున్న గాబ్రియేలు అనే పెద్దాయన ఆగి, బెల్టు తెగిందని చూసి, కోడూరుకు పోయి కొత్తది తెచ్చుకుందాం రమ్మని తన కారెక్కించుకున్నాడు. గాబ్రియేలు గనుల్లో మెకానిక్కుగా చేసి రిటైరైనవాడు. కారు ఎర్రది, చిన్నది. ఇటలీ కంపెనీ బండి. చిన్న ఒంట్లో పెద్ద కార్లకు పెట్టే ఇంజిను పెట్టి పంపిన రకం. రోడ్డు ఖాళీగా కనబడగానే గాబ్రియేలు మూడో గేరులో అదిమి తొక్కాడు. ప్రసాద్ వీపు సీటుకు అతుక్కుపోయింది. అతనికి తెలియకుండానే గట్టిగా నవ్వాడు. జీవితమంతా పట్టల వ్యానులో ఎడమ పక్కన నింపాదిగా పోతూ, ఆర్టీసీ బస్సులకు కూడా దారి ఇచ్చిన మనిషి అతను.

మోకాళ్ల నొప్పులతో క్లచ్చి తొక్కలేకపోతున్నానని, మంచివాళ్లు దొరికితే బండి ఇచ్చేస్తానని గాబ్రియేలు చెప్పాడు. అప్పట్నించి ప్రసాద్‌కు కాలు నిలవలేదు.

కర్నూలుకు వచ్చి నాలుగు చోట్ల వాకబు చేస్తే, అదే బండిలో తర్వాతి తరం ఒకటి ఊళ్లోనే దొరికింది. కాలేజీ లెక్చరర్ వెంకటేశ్వర్లుది. వెండి రంగు, ఇంకా కొత్త వాసన పోలేదు. పెద్ద కారు కొంటున్నానని దీన్ని తీసేస్తున్నాడు. పేరు అదే, ఇంజినూ అదేనన్నారు. నడిపి చూస్తే మనిషే వేరు. సీట్లు మెత్తన, ఏసీ చల్లన, ఇంజిను చప్పుడు లోపలికి రాదు. తొక్కితే పరుగెత్తుతుంది గానీ, కాసేపు ఆలోచించుకుని పరుగెత్తుతుంది. ఎర్రదైతే స్టీరింగు బరువు, గుంతలో పడితే నడుముకు తెలుస్తుంది, కాలు ఆనించగానే మాత్రం ఉరుకుతుంది.

ఏది? అంగట్లో పట్ట కొలుస్తూ ఇదే ఆలోచన. ఒక రైతుకు ఇవ్వాల్సిన సంచులు ఇంకొకరికి కట్టించాడు. పిల్లలు, అమ్మానాన్నలు ఎక్కాలంటే వెండిదే నయం అనుకుంటూ వెంకటేశ్వర్లు ఇంటికి పోతాడు, బండి చుట్టూ తిరుగుతాడు, మళ్లీ వస్తానని చెప్పి వచ్చేస్తాడు. పనేమీ లేకుండా వ్యాను తీసుకుని ఓర్వకల్లు దాకా పోయి వెనక్కి తిరుగుతాడు. ఆ వ్యానును ఎంత తొక్కినా అది చప్పుడే చేసేది.

భోజనాల దగ్గర మాత్రం ఎర్రబండి మాటే. రంగు వెలిసిపోయిందనేవాడు, తలుపు కిర్రుమంటుందనేవాడు, పెట్రోలు తాగుతుందనేవాడు. వెండిదాని గురించి, బాగుంది అని ఒక్క ముక్క అనేసి మజ్జిగ కలుపుకునేవాడు. నాగశ్రీ నవ్వాపుకుంటూ వడ్డించేది. చివరికి ఒకరోజు కేశవయ్యే ఆ ఎర్రదేదో తెచ్చుకోమన్నాడు. కొడుకు ప్రాణం లేచివచ్చింది.

మంగంపేటకు బస్సులో పోయాడు, వచ్చేటప్పుడు దాన్నే నడుపుకుంటూ రావాలని. గాబ్రియేలు రేకుల షెడ్డులోంచి బండిని బయటికి తెచ్చి, కడిగి, తుడిచి పెట్టాడు. ఆయన భార్య జీవమ్మ మజ్జిగ ఇచ్చింది. ఇక ప్రసాద్ మొదలుపెట్టాడు. చుట్టూ తిరుగుతూ బానెట్టు మీద చెయ్యి వేసి, గనుల దుమ్ముకు రంగు పోయిందన్నాడు. తలుపు తీసి వేసి, వదులైందన్నాడు. స్టీరింగు బరువన్నాడు, టైర్లు అరిగాయన్నాడు, వెనక కూర్చున్నవాళ్లకు మోకాళ్లు ఆనుతాయన్నాడు. వంక పెట్టినకొద్దీ అతని ఒళ్లు ఉప్పొంగుతోంది. అంత ఆనందంగా అతను ఇంతవరకు దేన్నీ తిట్టలేదు.

ఎదుటివాడు శెట్టి అయ్యుంటే ఈపాటికి లోలోపల నవ్వుకుంటూ ప్రతి వంకకూ ఒక మెప్పు బదులు చెప్పేవాడు. గాబ్రియేలు ముఖం చిన్నబోయింది. తుడిచిన గుడ్డను మడిచి, బండి మీద పట్ట మళ్లీ కప్పాడు.

“నువ్వు చెప్పినవన్నీ నిజమేనప్పా. ఇన్ని వంకలుండే బండి నీకు అంటగట్టి, నేను దేవునికి ఏం జవాబు చెప్పాల? వేరేది చూసుకోపో,” అన్నాడు.

ఇక్కడే ప్రసాద్ చెయ్యకూడని పని చేశాడు. అమ్మేవాడు సరుకు మూసేశాడంటే బేరం పాకాన పడినట్టని అతని లెక్క. అప్పుడు కొనేవాడు లేచి నెమ్మదిగా నడవాలి, వాడు వెనక్కి పిలవాలి. తరతరాలుగా వన్‌టౌన్‌లో ఇదే తంతు. ప్రసాద్ లేచి, దండం పెట్టి, వెనక్కి చూడకుండా నడిచాడు. వీధి చివర చెప్పులో రాయి పడినట్టు నటించాడు. బస్సు వచ్చినా వదిలేసి ఇంకో బస్సు దాకా ఆగాడు. ఎవరూ పిలవలేదు.

ఇంటికి వచ్చి బేరం నడుస్తోందని చెప్పాడు. ఫోను మోగితే చాలు అంగడి ఆ మూల నుంచి దూకేవాడు. నువ్వే చెయ్యరాదా అని నాగశ్రీ అంటే, మనం ముందు చేస్తే పలుచనైపోతామన్నాడు. నిజానికి అతనికి భయం. ఫోను చేస్తే ఆ ఒక్క మాట చెప్పాలి. రంగు చూసుకుని, టైర్లు చూసుకుని చెప్పే మాట కాదది. ఆలోచిస్తేనే చెవులు వేడెక్కేవి. ఎవరిదైనా ఎర్రకారు వీధిలోకి వస్తే లేచి నిలబడేవాడు.

చివరికి ఆగలేక ఎర్రగుంట్లలో పట్టలు దించే పని కల్పించుకుని, అట్నుంచి అటే మంగంపేట దారి పట్టాడు. కడప దాటినప్పటి నుంచి వ్యానులో ఒక్కడే మాట్లాడుకున్నాడు. ‘బండి బాగుంది’ అని ఒకసారి, ‘నచ్చింది’ అని ఒకసారి. రాజంపేట వచ్చేసరికి ‘నాకు కావాలి’ అనగలిగాడు. సిగ్గుతో కిటికీ అద్దం కూడా పైకి ఎత్తుకున్నాడు.

షెడ్డు ఖాళీగా ఉంది. జీవమ్మ గుర్తుపట్టి మంచం వాల్చింది. ఎర్రగుంట్లలో సిమెంటు లారీ తోలే తమ బంధువు ఏసేపుకు బండి ఇచ్చేశామని గాబ్రియేలు చెప్పాడు.

“వాడు చూసీ చూడంగానే, మామా, దీనికోసం నిద్ర పట్టదు నాకు, ఇయ్యి అన్యాడు. అంత ఆశపడినోనికి ఇయ్యకుండా ఎట్లప్పా? నీకేమో నచ్చకపాయె,” అన్నాడు.

ప్రసాద్ నోట్లో సిద్ధంగా ఉన్న మాట అక్కడే ఎండిపోయింది. పొద్దున తాను పట్టలు దించిన ఊళ్లోనే ఆ బండి ఏ వీధిలోనో నిలబడి ఉంది. అవునులే, నాకంతగా నచ్చలేదులే అనేసి, జీవమ్మ పెట్టిన అన్నం రుచి తెలియకుండా తిని వచ్చేశాడు.

ఇంట్లో ఆ సంగతి చెప్పలేదు. ఎర్రది వద్దనుకున్నానని మాత్రం అన్నాడు. ఆ వారంలోనే వెంకటేశ్వర్లు దగ్గర వెండిది కొన్నాడు, ఒక్క వంకైనా పెట్టకుండా. వెంకటేశ్వర్లు అంత సులువైన కోమటిని ఎన్నడూ చూడలేదని ఊళ్లో చెప్పుకున్నాడట.

ఆదివారం అందర్నీ ఎక్కించుకుని నంద్యాల దారి పట్టాడు. కేశవయ్య ముందు సీట్లో, ఆడవాళ్లు పిల్లలతో వెనక. ఊరు దాటగానే ప్రసాద్ మొదలుపెట్టాడు. ఏసీ ఎంత చల్లగా ఉందో చూడమన్నాడు. సీట్లు చూడమన్నాడు. కుదుపు అనేదే తెలియదన్నాడు. పెట్రోలు కూడా పొదుపేనన్నాడు. ఇంత మంచి బండి ఈ ధరకు దొరకడం మన అదృష్టమన్నాడు. ఆపకుండా, ఊపిరి తీసుకోకుండా మెచ్చుకుంటూనే పోయాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నాగశ్రీ మాత్రం నవ్వు మానేసి అద్దంలో భర్త ముఖం చూస్తోంది.

కేశవయ్య కొడుకువైపు తిరిగి, చాలా నెమ్మదిగా అడిగాడు.

“దీన్ని ఎవురికి అమ్మాలని చూస్తాండావురా?”

ప్రసాద్ బండిని పక్కకు తీసి ఆపాడు. స్టీరింగు మీద రెండు చేతులూ అలాగే ఉన్నాయి. వెనకనుంచి ఒక లారీ హారన్ కొట్టుకుంటూ దాటిపోయింది.

“నాకా ఎర్రబండే కావాల నాయనా,” అన్నాడు. నలభై ఏళ్ల మనిషి, పిల్లల ముందే, కళ్లు తుడుచుకోకుండా.