అల్లుడిగారి తాళం లేకుండా

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలం కాదు, రెండేళ్ళ కిందటి మాటే, నాకు జరిగిన నష్టాలు ముందే చెప్పేస్తాను. నాలుగు రోజుల ఫోన్ డేటా, ఆ నాలుగు రోజులూ మా ఆవిడ ఫోన్లో చూడలేకపోయిన సీరియల్, ఇంట్లో నాకున్న కొద్దిపాటి పరపతి, కంప్యూటరంటే ఏమిటో నాకు తెలుసన్న నమ్మకం. నలభై ఆరేళ్ళ వయసులో మనిషికి మళ్ళీ కుర్రతనం వస్తే ఇలాంటి ఖర్చులు తప్పవు.

నేను ఆమదాలవలసలో ఒక రైసుమిల్లులో గుమస్తాని. చదువు పదో తరగతితో సరి. కూడికలు బస్తాల మీద నేర్చుకున్నాను, కంప్యూటర్ పక్కవాళ్ళ భుజాల మీంచి చూసి నేర్చుకున్నాను. మిల్లు యజమానిని అందరం పెద్దాయన అంటాం. మిల్లులో కంప్యూటర్ పెట్టించింది విజయనగరంలో ఉండే ఆయన అల్లుడిగారు. అందులో కొత్తది ఏది ఎక్కించాలన్నా పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ పాస్‌వర్డ్ అల్లుడిగారిది.

ఒకరోజు అల్లుడిగారు వచ్చి, "మావయ్యా, ఉత్తరాలూ లెక్కలూ ఇప్పుడు ఏఐ చేసేస్తోంది. అన్నీ నాకు పంపించేయండి, అక్కడినుంచే చూసుకుంటాను. ఇక్కడ వేరే మనిషెందుకు?" అన్నారు. ఆ వేరే మనిషిని నేనే. (పక్క గదిలోనే ఉన్నాను. గోడ పల్చన.) వచ్చే నెల మొదటి ఆదివారం వచ్చి తేల్చేస్తానని వెళ్ళిపోయారు.

పెద్దాయనకి నా మీద ప్రేమ కన్నా ఇంకో భయం పెద్దది. "మన రేట్లు గోడ దాటకూడదురా. ఇంటర్నెట్‌లో ఎడితే ఊరందరికీ తెలిసిపోతాది" అన్నారు. ఆ భయాన్నే పట్టుకుని వేలాడాను. ఏఐ దగ్గరికి మన రేట్లు పోనక్కర్లేదనీ, దాన్నే తెచ్చి మన కంప్యూటర్లో కూర్చోబెట్టొచ్చనీ, నెట్ లేకుండానే అడిగినదానికి జవాబిచ్చే సర్వర్‌గా పనిచేస్తుందనీ చెప్పాను. (అంతా ముందు రోజే వీడియోలో చూశాను.) "అయితే తెచ్చీ మరి" అన్నారాయన.

మిల్లు నెట్ బిల్లు అల్లుడిగారి ఫోన్‌కి వెళ్తుంది కనుక, ఇంటి దగ్గర ఫోన్లోనే ఆ ఏఐని రోజుకి కొంత చొప్పున దింపి, పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళాను. ఎక్కించబోతే పాస్‌వర్డ్ అడిగింది. అల్లుడిగారిని అడుగుదామన్నాను.

పెద్దాయన ఉలిక్కిపడ్డారు. "అల్లుణ్ణి అడుగుతార్రా ఎవులైనా? ఆయనకి నానెట్టాల గాని, ఆయన దగ్గర సెయ్యి సాపుతానా? తాళం అడిగితే, మావకి నా మీద నమ్మకం లేదనుకోడా?" మళ్ళీ తనే, "మా అమ్మాయి పుట్టినరోజు కొట్టి సూడు" అన్నారు. తప్పు తాళాలు తిప్పితే తలుపే బిగుసుకుపోతుందని నేను ఒప్పుకోలేదు.

ఇంటికెళ్ళి దిగాలుగా కూర్చుంటే, సీరియల్ పోయిన కోపంలో ఉన్న మా ఆవిడ మొత్తం విని, "ఏటండీ ఇది పెద్ద కత! మనం అద్దింట్లో ఉన్నాం. గోడకి మేకు కొట్టాలంటే ఇంటాయన్నడగాల. మంచం కింద ట్రంకుపెట్టి ఎట్టుకోడానికి ఎవుల్నడగాల?" అంది.

నేను కొడుతున్నది మేకే! కంప్యూటర్ మొత్తానికీ బిగించబోతున్నాను కనుకే పాస్‌వర్డ్ అడుగుతోంది. అదే సామాను గోడ జోలికి పోకుండా, ఒక మూటలా కూడా దొరుకుతుంది. ఆ రాత్రే అదీ దింపి, మర్నాడు ఆ మూట నా సొంత ఫోల్డర్లో విప్పి, అక్కడినుంచే నడవమన్నాను. నడిచింది. మధ్యలో ఒకసారి, బయటి కంప్యూటర్లు కూడా దీన్ని వాడుకోవచ్చా అని అడుగుతూ మళ్ళీ పాస్‌వర్డ్ గడి వచ్చింది. మనకి బయటివాళ్ళతో పనేమిటని, దేవుడికి దణ్ణం పెట్టుకుని వద్దని నొక్కాను. అది ఏమీ అనుకోలేదు.

పెద్దాయన స్వయంగా నెట్ వైరు పీకి జేబులో పెట్టుకుని, "ఇప్పుడడుగు" అన్నారు. దారిలో లారీలోని బియ్యం తడిసిందని బరంపురం వ్యాపారికి ఇంగ్లీషులో మర్యాదగా ఉత్తరం రాయమన్నాను. కొంచెంసేపు ఫ్యాను రొద. తరవాత ఒక్కొక్క మాటే, మరలోంచి కొత్త బియ్యం దోసిట్లోకి జారినట్టు, రావడం మొదలుపెట్టింది. పెద్దాయన గుమ్మం దాకా వెళ్ళి చెప్పులు విడిచి వచ్చారు.

"ఒరే, వయిరు నా జేబులో ఉన్నాది. దీనికి ఎవులు సెప్తన్నారు?"

"ఎవరూ లేరండి. అంతా లోపలే ఉంది."

"ఎంతుంటాది?"

"నాలుగున్నర జీబీ."

"మా అమ్మాయి పెళ్ళి వీడియో ఎంత?"

అదీ ఇందులోనే ఉంది. చూసి, పదకొండన్నాను. "అందులో సగం లేదు, ఇన్ని సదువులున్నాయి. మా వీడియోలో బోజనాలు తప్ప ఏటుందిరా?" అన్నారు.

నేనూ ఉండబట్టలేక మూడు వందల పన్నెండు బస్తాలు, బస్తాకి డెబ్బై అయిదు కిలోలు, మొత్తమెంత అని అడిగాను. ఇరవై మూడు వేల నాలుగు వందలు రావాలి. ఇరవై నాలుగు వేల చిల్లర అంది, ఏ సంకోచమూ లేకుండా. నవ్వొచ్చింది. ఇంత ఇంగ్లీషు వచ్చినదీ, కరెంటు తప్ప ఏమీ తిననిదీ గుణకారంలో తడబడింది. మనలాగే తప్పూ చేస్తుందంటే, దగ్గరి చుట్టమే అనిపించింది.

ఆదివారం అల్లుడిగారు వచ్చి, చూసి, తెల్లబోయారు. "పాస్‌వర్డ్ లేకుండా ఇది ఎక్కదే!" అన్నారు. "బాబూ, మీ తాళం మేం ముట్టుకోనేదు" అంటూ పెద్దాయన కాఫీ మిషతో లోపలికి పరారయ్యారు. నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. అల్లుడిగారు తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, "బాబాయ్, నిజం చెప్పు. పాస్‌వర్డ్ నీకు దొరికిందా?" అన్నారు.

"లేదండి."

"దొరికితే నాకూ చెప్పు. పెట్టిన వారానికే మర్చిపోయాను. మావయ్య ఎప్పుడడుగుతారోనని హడలిపోతున్నాను. అడిగితే ఆయన ముందు నా పరువేం కావాలి?"

అప్పుడు మా ఆవిడ చెప్పిన మంచం సంగతి చెప్పాను. ఆయన బస్తా మీద కూలబడి, తెరమీద నడిచొస్తున్న అక్షరాలను నోరు తెరిచి చూస్తూ ఉండిపోయారు. కాఫీ వచ్చేసరికి, ఇక తాళం ఎవరూ అడగరన్న ధీమాతో లేచి, "మావయ్యా, ఇక్కడి పని ఇక్కడే, బాబాయి చేతిలోనే ఉండనివ్వండి" అన్నారు. "సూసావేట్రా, అల్లుడి మనసు!" అని పెద్దాయన కళ్ళు తుడుచుకున్నారు.

ఉద్యోగం ఉంది. ఉత్తరాలు అది రాస్తుంది, గుణకారాలు నేను చేస్తాను. దణ్ణం పెట్టుకుని వద్దని నొక్కిన ఆ మనిషి గుర్తొస్తే, ఇంత చిన్న గడికి అంత భయపడ్డావా అని బుజ్జగించాలనిపిస్తుంది. పాస్‌వర్డ్ సంగతి మాత్రం మామా అడగలేదు, అల్లుడూ చెప్పలేదు. పాస్‌వర్డ్ ఎనిమిది అక్షరాలకి తక్కువ ఉండకూడదంటారు కాబట్టి, తక్కువలో తక్కువ లెక్క వేసినా, ఈ రోజుకి అల్లుడిగారు మామగారికి ఉన్న బాకీ ఎనిమిది అక్షరాలు.