సిస్టరమ్మ మాకు నేర్పిన పని

సిస్టరమ్మ పోయారన్న మాట మా అబ్బాయి చెప్పాడు. ఆదివారం పొద్దున్న కుళాయి దగ్గర బిందె పెట్టి నిలబడి ఉన్నాను. పనికి వెళ్లినవాడు దారిలోంచే తిరిగొచ్చాడు. "నాన్నా, సిస్టరమ్మ ఎల్లిపోనాది. తెల్లారగట్ల. నిద్దట్లోనే" అన్నాడు. సగం నిండిన బిందె పక్కకు తీశాను. వెనకున్నావిడ తన బిందె పెట్టుకుంది. బిందె అక్కడే వదిలి వాడి వెంట నడిచాను. మామూలుగానే నాకు మాటలు తక్కువ.

మన క్వార్టర్లలో చాలామందికి ఆవిడ తెలియదు. తెలిసినవాళ్లు కూడా "తాగుబోతుల సిస్టరు" అనేవారు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. సిస్టరమ్మ నాన్నగారు కోస్తా నుంచి ఇక్కడికి, బెంగాల్‌కి వచ్చి రైల్వేలో పని చేశారట. ఈవిడ నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత వాట్‌గంజ్‌లో ఒక సెంటరులో ట్రైనింగులు ఇచ్చేవారు. నరానికి సూది వేసుకుని మత్తు ఎక్కించుకునేవాళ్లు ఉంటారు కదా, వాళ్ల దగ్గరికి వెళ్లి కొత్త సూదులు ఇచ్చి పాతవి తీసుకోవడం, పుండ్లకు కట్టు కట్టడం, రక్త పరీక్షకు తీసుకెళ్లడం వర్కర్ల పని. ఒకరి నుంచి ఒకరికి హెచ్‌ఐవి పాకకుండా ఉండాలని. ఆ వర్కర్లను తయారు చేసింది సిస్టరమ్మ.

నేను కార్పొరేషన్‌లో రోడ్లు ఊడ్చి రిటైరయ్యాను. మా అబ్బాయి ఫ్యాన్లు బాగు చేసేవాడు. మంచి పనివాడు. వాడికి ఈ సూది అలవాటైంది. ఇల్లు వదిలేశాడు. ఓడలాగే డాకు గోడ వెనకాల పడుకుంటున్నాడని ఎవరో అన్నారు. వాళ్లమ్మ రోజూ కంచంలో అన్నం పెట్టి మూత వేసి ఉంచేది. ఆ మూత చూడలేక ఒకరోజు సెంటరుకి వెళ్లాను. వెళ్లి గుమ్మం దగ్గర ఆగిపోయాను.

"ఏటన్నా, లోపలికి రా. అక్కడ నిలబడితే ఫ్యాను గాలి తగల్దు" అన్నారు సిస్టరమ్మ.

కొడుకు పేరు చెప్పాను. ఇక్కడికి వస్తాడా అని అడిగాను.

"ఎవరొస్తారో నాను ఎవరికీ సెప్పను. పోలీసుకీ సెప్పను, నాన్నకీ సెప్పను" అన్నారు. నా మొహం చూసి, "రేపట్నించి ట్రైనింగుంది. వచ్చి కూకో" అన్నారు.

"నాకు సదువు లేదమ్మా. ఊళ్లో ఐదు దాకానే."

"సూది మీద అచ్చరాలుంటాయేటి సదవడానికి? రా."

మా బ్యాచ్‌లో తెలుగువాళ్లం ముగ్గురం. ముగ్గురమూ చీపురు పట్టి రిటైరైనవాళ్లమే. మిగతావాళ్లు బెంగాలీలు, బిహారీలు. కొందరు ఒకప్పుడు తామే సూది వేసుకుని మానేసినవాళ్లు. బోర్డు మీద ఏమైనా రాస్తారేమోనని నేను భయపడ్డాను. ఆవిడ ఏమీ రాయలేదు. గిన్నెలో నీళ్లు, ఆల్తా సీసా ముందర పెట్టుకున్నారు. బెంగాలీ ఆడవాళ్లు కాళ్లకు పూసుకునే ఎర్రరంగు. ఒక సూదితో ఆల్తా లాగి పారబోసి, ఆ సూదిని గిన్నెలో జాడించారు. నీళ్లు చూస్తే మామూలుగానే ఉన్నాయి. నా చేతికి కొత్త సూది ఇచ్చి, "ఆ నీళ్లు లాగన్నా" అన్నారు. లాగాను. దాన్ని తెల్ల రుమాలు మీద పెట్టి చూపించారు. లోపల గులాబీ రంగు.

"సూది కొత్తదే కదా? మరి ఇదేటి?"

గిన్నె ఎత్తి మా అందరికీ చూపించారు.

"సూదొక్కటే కాదు. నీళ్లు, దూది, చెంచా, ఎవరివి ఆళ్లవే."

ఆ ఆల్తా కొనేటప్పుడు కొట్టువాడు, "మాషీమా, ఈ వయసులో కాళ్లకి రంగా?" అన్నాడట. "నాకు కాదు బాబూ, నా పెళ్లికొడుకులకి" అని సీసా తెచ్చేసుకున్నారట. ఆవిడ అలాంటి మనిషి. బస్సు కండక్టరుతో హిందీలో పోట్లాడేవారు, చేపల దగ్గర బెంగాలీలో బేరమాడేవారు. మమ్మల్ని తిట్టాలంటే మాత్రం తెలుగే. ఝాల్‌ముడి, అదే కారం మరమరాల పొట్లం, అందరికీ పంచి, అందులోని పచ్చిమిరపకాయలు ఏరి తన నోట్లో వేసుకునేవారు. సంచీ భుజం మీద నుంచి దింపగా నేను చూడలేదు.

తర్వాత మమ్మల్ని డాకు గోడ వెనక్కి పంపారు. "ఎల్లి కూకుని రండి. అంతే" అన్నారు. మేం ముగ్గురం వెళ్లేసరికి అక్కడ ఎవరూ లేరు. నేలంతా చింపిరి గుడ్డలు, సీసా పెంకులు, నెత్తురు దూది, విరిగిన సూదులు. ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. ఉద్యోగమంతా ఊడ్చిన చేతులు ఊరుకోలేదు. టీ కొట్టు దగ్గర చీపురూ బొగ్గు పారా అడిగి తెచ్చాం. ఊడ్చాం, కడిగాం. మాలో ఒకాయన ఇంటికెళ్లి బ్లీచింగ్ పొడి తెచ్చాడు. గోడ వెంట అటూ ఇటూ తెల్లగా గీతలు వేశాం, పెద్దవాళ్లు ఎవరైనా వస్తున్నప్పుడు మా చేత వేయించేవారు చూడండి, అలాగ.

"సిస్టరమ్మా, అద్దంలాగ చేసీసినాం" అని సంబరంగా చెప్పాం.

మర్నాడు అక్కడ ఒక్కరూ లేరు. ఆ మర్నాడూ లేరు. టీ కొట్టాయన నెత్తి కొట్టుకున్నాడు. "రాత్రి వచ్చి తెల్ల గీతలు చూసి మంత్రి వస్తున్నాడనుకున్నారు. మంత్రి రాకముందు పోలీసులు వస్తారు కదా! అందరూ సామాను సర్దుకుని పోయారు. ఆ ఫ్యాన్ మిస్త్రీ కూడా."

ఫ్యాన్ మిస్త్రీ అంటే మా వాడే. ఇంతకాలం ఆ గోడ వెనక ఉన్నాడన్న ఆశ ఒకటి ఉండేది. అదీ పోయింది.

సంగతి విని సిస్టరమ్మ పడి పడి నవ్వారు. కళ్లు తుడుచుకున్నారు. ఆ తర్వాత నవ్వు ఆగిపోయింది. "ఆళ్ల దగ్గరున్న సూదులు ఈపాటికి అయిపోతాయి. ఒకరిది ఒకరు వాడీసుకుంటారు. లెగండి, ఎతుకుదాం" అని చెప్పులు తొడుక్కున్నారు.

మోకాళ్ల నొప్పితో ఆవిడ బస్సులెక్కి దిగి మాతో తిరిగారు. చివరికి బడ్జ్ బడ్జ్‌లో, నది పక్కన మూతపడ్డ షెడ్డు వెనక కొందరున్నారని తెలిసింది. గోడ మలుపు దగ్గర నా చెయ్యి పట్టి ఆపారు.

"అన్నా, నీ కొడుకు అక్కడుండొచ్చు. తండ్రిగా ఎల్తావా, వర్కరుగా ఎల్తావా? తండ్రిగా అయితే నాతో ఇక్కడే కూకో, తప్పేటి లేదు. నిన్ను సూస్తే ఆడు మళ్లీ పారిపోతాడు. ఈసారి మనకి దొరకడు."

"వర్కరుగా" అన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు.

వాడు గోడకి చేరగిలబడి ఉన్నాడు. చొక్కా చెయ్యి చింపి వాచిన దండచేతికి చుట్టుకున్నాడు. తలెత్తి చూశాడు.

"నాన్నా! నువ్వేటి ఇక్కడ?"

ఇంటికి రారా అన్న మాట గొంతు దాకా వచ్చింది. సంచీ విప్పాను. పొట్లం వాడి ముందు పెట్టాను. "కొత్తవి. నీళ్లు కూడా ఉన్నాయి. ఎవరివి ఆళ్లవే" అన్నాను. అంతే అనగలిగాను. పాతవి వేయమని డబ్బా మూత తీసి పట్టుకున్నాను. వాడు డబ్బా వైపు, నా సంచీ వైపు చూశాడు.

"అమ్మకి తెలుసేటి?"

"తెల్దు."

వాడు లేవలేదు, పారిపోలేదు. పాత సూదులు ఒక్కొక్కటే డబ్బాలో వేశాడు. అప్పుడు సిస్టరమ్మ, దారిన పోతూ పోతూ వచ్చినట్టు వచ్చి, ఆ బురదలోనే కూర్చున్నారు. "ఏదీ బాబూ, సెయ్యి సూపించు." పుండు కడుగుతుంటే వాడు కేక పెట్టాడు. "గుచ్చుకునేటప్పుడు అరవ్వు గానీ కడిగితే అరుస్తావేటి!" అన్నారు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. మా వాడూ నవ్వాడు.

క్వార్టర్లలో సంగతి తెలిసిపోయింది. "కొడుక్కి సూదులిచ్చే తండ్రిని ఎక్కడా సూళ్లేదమ్మా" అని నాకు వినపడేలాగే అన్నారు. ఆ మాట సిస్టరమ్మకు చెప్పుకున్నాను. "మానీమని సెప్పడానికి ఊరంతా ఉంది. ఆడు మానీదాకా బతికించడానికి ఎవలున్నారన్నా?" అన్నారు. మర్నాడు సంచీ తీసుకుని మళ్లీ వెళ్లాను.

వాడు కట్టు మార్పించుకోవడానికి సెంటరుకి రావడం మొదలుపెట్టాడు. తర్వాత సూదికి బదులు నాలిక కింద పెట్టుకునే బిళ్లకు ఒప్పుకున్నాడు. తర్వాత రక్త పరీక్షకు. హెచ్‌ఐవి వచ్చేసిందని తేలింది. నేను వెళ్లి సెంటరు మెట్ల మీద కూర్చున్నాను. సిస్టరమ్మ వచ్చి పక్కన కూర్చున్నారు. దేవుడి మాటలేమీ చెప్పలేదు.

"వచ్చీసింది. ఎప్పుడొచ్చిందో ఎవరికీ తెల్దు. మందుంది. రోజూ ఏసుకున్నాడంటే ముసిలోడవుతాడు, నీలాగే."

"నాలాగేనా?"

"నీకన్నా ఎక్కువ మాటాడతాడులే."

అలాంటి రోజున నాకు నవ్వు వచ్చిందంటే ఎవరూ నమ్మరు. వాడు ఆ తర్వాత కూడా జారాడు, మళ్లీ సూది పట్టాడు, మళ్లీ వచ్చాడు. వచ్చిన ప్రతిసారీ ఆవిడ అడిగిన మొదటి మాట, "తిన్నావేటి?" ఎక్కడికి పోయావని అడగలేదు. ఇంటి దగ్గర వాళ్లమ్మ కూడా అలా అడగడం నేర్చుకుంది. చివరికి వాడూ ఆవిడ దగ్గరే ట్రైనింగు తీసుకున్నాడు. ఇప్పుడు అదే సెంటరులో పని చేస్తున్నాడు.

అమ్మా, మీకు థాంక్స్ చెప్పాలని ఎన్నోసార్లు అనుకున్నాను. మీరు ఝాల్‌ముడి పొట్లం నా చేతిలో పెట్టేసి వేరే మాట ఎత్తేసేవారు.

భవానీపూర్ సమాధుల తోటలో ఆవిడను దించారు. చర్చి వాళ్లు ముందు నిలబడ్డారు. మా గోడ వెనక మనుషులు గేటు బయటే ఆగిపోయారు. సిస్టరమ్మ చెల్లెలుగారు స్వయంగా వెళ్లి, "మీరే రాకపోతే అక్కకెవరున్నారు, రండి" అని లోపలికి తీసుకొచ్చారు. ఒక్కొక్కరం పిడికెడు మట్టి వేశాం.

బయటికి వచ్చి నేనూ మా అబ్బాయీ బస్సు కోసం నిలబడ్డాం. సాయంత్రం అవుతోంది. వాడి జేబులో ఫోను అలారం మోగింది. తీసి ఆపాడు. ఇంకో జేబులోంచి చిన్న డబ్బీ తీసి, రోజూ వేసుకునే బిళ్ల నోట్లో వేసుకుని, పక్కనున్న టీ కొట్టు వాడి చెంబు అందుకుని ఎత్తిపట్టి తాగాడు. గొంతులో గుటక కిందికి దిగింది. గెడ్డం మీద నీళ్లు ముంజేత్తో తుడుచుకుని, బస్సు వస్తోందేమోనని రోడ్డు మీదికి తొంగి చూశాడు.