శిఖం భూమిలో గంగారాం ఇల్లు

ఎవరైనా నన్ను "మీరు చాలా మంచివారండీ" అంటే నేనక్కడ నిలవలేను. తొమ్మిదేళ్లుగా ఇంతే. అన్నవాళ్ల ముఖంలోకి చూడలేను. మాట మార్చేస్తాను, లేదా కాఫీ పెడతానని లేచి వెళ్లిపోతాను. నేను చేసింది నా భర్తకు తెలియదు. మా అమ్మకు చెప్పలేదు. దేవుడి ముందు చాలాసార్లు నిలబడ్డాను గాని, అక్కడ కూడా "తెలిసీ తెలియక చేసిన తప్పులు" అని గుంపులో కలిపేసి దండం పెట్టుకున్నాను. తెలియక చేసింది కాదది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మేముండేది మస్కట్‌లో. అల్ ఖువైర్‌లో ఒక ఆఫీసులో నాది అకౌంట్స్ ఉద్యోగం. వచ్చిన కొత్తలోనే విజయవాడలో ఒక ఫ్లాట్, తర్వాత హైదరాబాద్‌లో ఒకటి కొన్నాను. రెండూ కలిసొచ్చాయి. దాంతో ఇక్కడి తెలుగువాళ్లలో నాకు పేరు వచ్చింది. మొదటిసారి ఇల్లు కొనే ప్రతివాళ్లూ నాకు ఫోన్ చేసేవారు. ఏ ఏరియా, ఏ బిల్డరు, లోను తీసుకోవాలా వద్దా. నాకది ఇష్టం. చాలా ఇష్టం. తప్పు ఒప్పుకోవడానికి కూర్చున్నప్పుడు ఈ చిన్న సంగతి దాచడం ఎందుకు?

మూడో ఫ్లాట్ దగ్గర నేనే బోల్తా పడ్డాను. హైదరాబాద్ శివారులో, ఇంకా కడుతున్న అపార్ట్‌మెంటు. బ్రోషర్ చూసి, ఫోన్ మీదే మాట్లాడి, బుక్ చేసేశాను. అగ్రిమెంటు అయ్యాక గాని లాయరుకు కాగితాలు పంపలేదు. ఆయన వారం తిరక్కుండా ఫోన్ చేశారు. కాగితాలు శుభ్రంగానే ఉన్నాయట, భూమే శుభ్రంగా లేదట. ఆ సర్వే నంబరులో ఎక్కువ భాగం చెరువు శిఖం, అంటే చెరువు నిండితే మునిగే నేల. అక్కడ ఇల్లు కట్టకూడదు. కట్టినా ఏనాటికైనా కూల్చేస్తారు, వీలైనంత త్వరగా బయటపడమని ఆయన మాట. బిల్డరును అడిగితే డబ్బు వెనక్కి ఇవ్వనన్నాడు. నా బదులు ఇంకొకరిని తీసుకొస్తే మాత్రం నా అగ్రిమెంటు రద్దు చేసి, వాళ్ల పేరున కొత్తది రాసుకుని, నాది నాకిచ్చేస్తానన్నాడు.

ఇది జరిగిన రెండు వారాలకు, ఒక శుక్రవారం, ఇక్కడి తెలుగువాళ్లు ఒక హాల్లో నా చేత మాట్లాడించారు. మొదటిసారి ఇల్లు కొనేవాళ్లకు సలహాలు. నేను బాగా మాట్లాడాను. ముప్పై ఏళ్ల లింకు డాక్యుమెంట్లు చూడమన్నాను. స్థలాన్ని వానాకాలంలో ఒకసారి వెళ్లి చూసి రమ్మన్నాను. చుట్టుపక్కల ముసలివాళ్లను అడిగితే అక్కడ ఇంతకుముందు ఏముండేదో చెబుతారన్నాను. చివర్లో, సలహా ఇచ్చేవాళ్లెవరైనా సరే, మీరు కొంటే వాళ్లకేం లాభమో ముందు అడగండి అన్నాను. చప్పట్లు కొట్టారు.

ఆ చివరి మాట ఎందుకన్నాను? ఎవరో ఒకరు నన్ను ఆపాలని కోరుకున్నానా? లేక అలా అన్న మనిషిని ఎవరూ అనుమానించరని నాకు తెలుసా? ఇన్నేళ్లుగా అడుగుతూనే ఉన్నాను. రెండు జవాబులూ వస్తాయి.

అందరూ వెళ్లిపోయాక వెనక వరుసలోంచి ఒక మనిషి లేచి వచ్చాడు. నలభై ఐదు దాటి ఉంటాయి. ఇస్త్రీ చేసిన చొక్కా, సిమెంటుతో మొద్దుబారిన వేళ్లు. పేరు గంగారాం, జగిత్యాల వైపు మనిషి. ఇబ్రిలో విల్లాలు కట్టే కంపెనీలో సెంట్రింగ్ పని. నా మాటలు వినడానికి రెండున్నర గంటలు టాక్సీలో వచ్చాడు.

"మేడం, గోడ జూస్తె అది గట్టిదో కాదో చెప్త," అన్నాడు. "కాగితం జూస్తె నాకేం తెలుస్తది?"

ఎక్కడ కొనాలనుకుంటున్నారని అడిగాను.

"ఊర్ల మాకు జాగ లేదు. పట్నంల అయితే పని దొరుకుతది. నాకు పెండ్లై పద్దెనిమిదేండ్లాయె మేడం. నేను, మా రాజవ్వ ఒక్కతాన ఉన్నది మొత్తం జూస్తె రెండేండ్లు గూడ గాదు. ఆమె ఆడ కిరాయింట్ల బీడీలు జేసుకుంట, నేనీడ. పిల్లలు లేరు. ఇగ ఇద్దరం ఒక్క ఇంట్ల ఉందామని."

నా నోటి నుంచి ఆ అపార్ట్‌మెంటు పేరు వచ్చింది. ఎంత తేలిగ్గా వచ్చిందో!

"మంచిదేనా మేడం? మీరైతె కొంటరా?"

"నేనే కొన్నానండీ అందులో."

"లాయరుకు చూపియ్యాల్నా?"

"నేను చూపించాను గంగారాం గారూ. మీకు మళ్లీ ఆ ఖర్చెందుకు?"

చూడండి, నేను చెప్పినవి రెండూ నిజాలే. కొన్నాను. చూపించాను. అబద్ధం చెప్పలేదని ఆ రోజు కారులో ఇంటికి వెళ్తూ నాకు నేనే చెప్పుకున్నాను. అతను నన్ను చాలా అడిగాడు: నీళ్లు వస్తాయా, బస్సు ఉందా, దగ్గర్లో దవాఖాన ఉందా. నేను వేదిక మీద చెప్పిన ఆ ఒక్క ప్రశ్న మాత్రం అడగలేదు. నన్ను అడగాల్సిన అవసరం ఉందని అతనికి తోచి ఉండదు.

నా ఫ్లాటే అతనికి వెళ్లింది, అది నాదేనని అతనికి తెలియదు; నాది ఆ అపార్ట్‌మెంటులోనే ఇంకోటి ఉందనుకున్నాడు. నాలుగో అంతస్తు, తూర్పు వాకిలి. నా డబ్బు నాకు వచ్చింది.

రెండేళ్లకు ఇల్లు పూర్తయింది. గృహప్రవేశానికి అతను సెలవు పెట్టి వెళ్లి నాకు ఒక ఫొటో పంపాడు. వంటింట్లో రాజవ్వ కుళాయి తిప్పి, నీళ్లు పడుతుంటే కెమెరా వైపు కాకుండా ఆ నీళ్లవైపే చూస్తోంది. ఆ ఫొటో తెరిచి ఎంతసేపు కూర్చున్నానో. అప్పుడైనా చెప్పొచ్చు కదా? అమ్ముకునే దారి ఏదైనా చూసుకునేవాడేమో. కానీ ఇంకెవరికి అమ్ముతాడు? ఇంకో గంగారాంకా? ఈ తర్కం నాకు భలే సాయపడింది. ఏమీ చెయ్యకుండా ఉండటానికి ఎప్పుడూ ఏదో ఒక మంచి కారణం దొరుకుతుంది.

రాజవ్వ ఆ ఇంట్లో పద్నాలుగు నెలలు ఉంది. గంగారాం ఆఖరి వీసా పూర్తిచేసుకుని వెళ్లిపోదామనుకుంటున్న సమయంలో అధికారులు అపార్ట్‌మెంటు ఖాళీ చేయించి కూల్చేశారు. ఆఫీసులో మధ్యాహ్నం ఫోనులో వార్త చూశాను. యంత్రం నాలుగో అంతస్తును కొరుకుతోంది. అతనికి ఫోన్ చేశాను. ఏం చెప్పాలని చేశానో నాకే తెలియదు. అతను నన్ను మాట్లాడనివ్వలేదు.

"చెల్లె, నీది గూడ పాయె గద," అన్నాడు. "రంది వెట్టుకోకు. మనసు గట్టిగ జేసుకో."

అప్పటిదాకా నేను అతనికి మేడంనే. ఆ రోజు చెల్లెనయ్యాను.

తెలుగువాళ్ల సాయం అని చెప్పి నా డబ్బే కొంత అతనికి అందేలా చూడబోయాను. తనకంటే లేనివాళ్లకు ఇమ్మని తిప్పి పంపాడు. అప్పుడు నాకు ఎంత హాయిగా అనిపించిందో చెబితే మీరు అసహ్యించుకుంటారు. చేయాల్సింది చేశాను, అతనే వద్దన్నాడు. ఆ మాట పట్టుకుని రెండేళ్లు బతికాను.

అతను వీసా పొడిగించుకున్నాడు. రాజవ్వ ఆ కూల్చిన ఇంటికి దగ్గర్లోనే ఒక గది అద్దెకు తీసుకుని, ఒక బడిలో వంటపనికి కుదిరింది. అక్కడే ఒక ఉదయం గుండె ఆగి చనిపోయింది. గంగారాం‌ను నా కారులోనే విమానాశ్రయానికి తీసుకెళ్లాను. తిరిగొచ్చాక అతను మా ఆఫీసుకు వచ్చి, టీ తాగే గదిలో నా ఎదురుగా కూర్చుని చెప్పాడు. ఆసుపత్రి నుంచి తెచ్చిన శవాన్ని ఇంటి ఓనరు లోపలికి రానివ్వలేదట. అద్దెకున్నవాళ్ల శవం ఇంట్లో పెడితే కీడని. అతను వెళ్లేసరికి రాజవ్వ రోడ్డు మీద, మురుగు కాలువ పక్కన, టెంటు కింద ఉంది. పక్కనుంచి స్కూటర్లు హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి. ఓనరుకు దండం పెట్టాడట, ఒక్క గంట లోపల పడుకోబెట్టనియ్యమని. ఆయన తలుపేసుకున్నాడు.

చెప్పడం అయ్యాక నా ముఖం చూసి, "ఏడువకు చెల్లె, నీ తప్పేముంది," అన్నాడు.

అదీ సమయం. గదిలో మేమిద్దరమే ఉన్నాం. నోరు తెరిచాను కూడా. "టీ చల్లారిపోతోంది," అన్నాను.

పోయినేడు అతను ఇంటికి వెళ్లిపోయాడు. జగిత్యాల దగ్గర ఒక గదిలో ఉంటున్నాడు, అద్దెకే. అప్పుడప్పుడు మెసేజ్ పెడతాడు, ఆరోగ్యం బాగుందా అని. బాగుందంటాను. ఎన్నిసార్లు నిజం టైపు చేసి చెరిపేశానో. చెబితే అతనికేం మిగులుతుంది? ఒక చెల్లె ఉందన్న నమ్మకం కూడా పోతుంది. ఇదీ మంచి కారణమే. ఇలాంటివి నాకెన్నో వచ్చు.

నన్ను క్షమించమని అడగడం లేదు. అది మీ చేతుల్లో లేదు. అతని చేతుల్లో ఉన్నది అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ రాలేదు, రేపు వస్తుందని ప్రమాణం చేయలేను. ఈ సంగతి రాయడానికి కూర్చున్నప్పుడు మొదటి వాక్యం "నా వల్ల ఒకరికి నష్టం జరిగింది" అని రాశాను. అది కొట్టేశాను. "ఒక పొరపాటు సలహా ఇచ్చాను" అన్నాను. అదీ కొట్టేశాను. ఆ కాగితం మీద ఇక మిగిలిన మాట ఇదొక్కటే: ఆ ఇల్లు కూలుతుందని నాకు తెలుసు, తెలిసే గంగారాంకు అంటగట్టాను.

రాశాను. చదువుకున్నాను, పైకే. నా గొంతు నాకు వినబడింది.