పక్కింటి ట్రక్కు స్ప్రింగులు, మా ఆవిడ సాంబారు

మొన్న శనివారం మా శ్రీలత పట్టుచీర సాంబార్‌లో తడిసింది. తప్పు పూర్తిగా నాదే. నవ్వకుండా వినండి.

నా పికప్ ట్రక్కుకి ఇరవై ఏళ్లు దాటాయి. ముందు స్ప్రింగులు దిగిపోయి, బండి ఎప్పుడూ నేల చూపులు చూస్తుంటుంది. "ఏమండీ, మెకానిక్‌కి ఇచ్చేయండి. శనివారం మాధవి వాళ్ల గృహప్రవేశానికి సాంబార్ నేనే తెస్తానన్నాను, అరవై మందికి!" అంది శ్రీలత.

నేను వింటేగా! పక్కింటి రాబ్ దగ్గర అచ్చం అదే మోడల్ ట్రక్కు ఉంది. తుప్పు పట్టి స్క్రాప్‌కి పోతోంది. స్ప్రింగులు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. "కావాలంటే తీసుకో" అన్నాడు. ఫ్రీ! ఇంకేం కావాలి నాకు?

శుక్రవారం లీవ్ పెట్టి, ఇద్దరం రెండు బళ్లనీ జాకీలెక్కించాం. సాయంత్రానికి వాడి స్ప్రింగులు నా బండిలో ఉన్నాయి. నా వాటికన్నా కాస్త లావుగా అనిపించాయి. లావైతే ఇంకా మంచిదేలే అనుకున్నా. కొలిచి చూడొచ్చుగా? చూడలేదు!

జాకీ దించగానే బండి ముక్కు పైకెత్తి నిలబడింది.

"ఆకాశం కేసి చూస్తోందేంటండీ?"

"రెండ్రోజుల్లో సెటిల్ అవుతుందిలే."

శనివారం పెద్ద గిన్నె నిండా సాంబార్. వెనక పెడితే జారిపోతుందని, శ్రీలత ముందు సీట్లో కూర్చుని కాళ్ల మధ్య పట్టుకుంది. మన ఫార్మింగ్టన్ హిల్స్ రోడ్లు తెలుసుగా, అన్నీ గుంతలే! మొదటి గుంతకే మూత ఎగిరింది.

"నెమ్మదిగా వెళ్లండి!"

"ఇంతకన్నా నెమ్మదంటే దిగి తొయ్యాలి!"

రెండో గుంతకి ఒక మునక్కాడ డాష్‌బోర్డ్ మీదకొచ్చింది. మూడో గుంతకి సగం సాంబార్ ఆవిడ ఒళ్లో పడింది. గోరువెచ్చగా ఉంది కాబట్టి బతికిపోయాం. బండి పక్కకి ఆపి, భయంభయంగా రాబ్‌కి ఫోన్ చేశాను.

"ఆ బండితో చలికాలమంతా మంచు తోసేవాణ్ణి కదా" అన్నాడు తాపీగా. "ముందు తగిలించే అంత బరువు ఇనప బ్లేడ్ మొయ్యాలి. అందుకే గట్టి స్ప్రింగులు వేయించా. నీకు తెలుసనుకున్నానే!"

గృహప్రవేశంలో శ్రీలత మాధవి చీర కట్టుకుంది. మిగిలిన సాంబార్‌లో నీళ్లు పోసి, ఉప్పూ కారం వేసి మరిగించి, అరవై మందికీ సర్దింది. అది చూసి నాకు నిజంగా సిగ్గేసింది.

భోజనాల దగ్గర మాధవి వాళ్ల మామగారు నా పక్కన కూర్చున్నారు. "బాబూ, ఇంతకీ నువ్వేం చేస్తుంటావు?"

నేను నోరు తెరిచేలోపే శ్రీలత అందుకుంది. "కార్ల కంపెనీలో ఇంజినీరండీ. లోపల కూర్చున్నవాళ్లకి కుదుపు తెలియకుండా చూడటం ఈయన డ్యూటీ."

ఆయన నన్ను ఎంతో గౌరవంగా చూశారు. నేను తలొంచుకుని అన్నం కలుపుకున్నాను. సాంబార్ నీళ్లలా ఉంది. అద్భుతంగా ఉందని రెండోసారి వేయించుకున్నాను.