సునీత తలనొప్పి నా బుక్కుల

నేనెప్పుడు ఏదీ రాయలే. ఐదో తరగతితోని బడి బంద్. గా రాయరానితనమే మొన్న నన్ను స్కానింగ్ దాక తీస్కపోయింది, వినుర్రి.

నాకు నెలకు మూడు నాలుగు సార్లు ఒక దిక్కు తల దబదబ కొట్టుకుంటది. పోపు వాసన పడదు, వాంతులైతయ్. మా తోటికోడలు సునీతకు కూడ తలనొప్పే. ఇద్దరం కలిసి ఇబ్రహీంపట్నంల దవాఖానకు పోయినం. డాక్టరమ్మ ఇద్దరిదీ మైగ్రేనే అన్నది. చెరొక నోటుబుక్కు పెట్టమన్నది.

“నొప్పి ఎప్పుడొచ్చింది, ఏ దిక్కు, ముందుగాల ఏమైంది, ఎంతసేపున్నది, అన్నీ రాసి వచ్చే నెల తీస్కరార్రి.”

రాస్తే అన్నీ తప్పులే. రాయరాదని చెప్పనీకి సిగ్గు. తలకాయ ఊపి వచ్చిన. నెలంత బుక్కు తెల్లగనే ఉండె. రేపు పోవాలె అనంగ సునీత బుక్కు తెచ్చుకున్న. ఆమె పది పాసు, మన్నెగూడల జిరాక్స్ షాపుల పని చేస్తది. చేతిరాత ముత్యాలే! ఎవరి తలనొప్పైనా తలనొప్పే కదా అని కూసొని మొత్తం నా బుక్కుల ఎక్కించిన. తారీఖులు మాత్రం జర మార్చిన. గంత తెలివి!

తెల్లారి ఇద్దరం పోతే, డాక్టరమ్మ నా బుక్కు చూసి కండ్లద్దాలు సర్దుకున్నది.

“నొప్పికి ముందు మెరుపులు కనవడ్తున్నయా అమ్మా? వంకర గీతలు?”

“అవ్ మేడం.”

“చెయ్యి తిమ్మిరి?”

“అవ్.” రాసినంక కాదంటె ఎట్ల?

“పోయినసారి ఇవేం లేవంటివి. ఈ వయసుల కొత్తగ మొదలైతే ఊకోవద్దు. తలకు స్కానింగ్ తీపిద్దాం.”

నాకేమన్నైతే ఇల్లెట్ల అనుకున్న. ఆమె చీటీ రాసుకుంటనే ఇంకో పేజీ తిప్పింది.

“కంప్యూటర్ మీద సగం అక్షరాలు మాయమైనయ్ అని రాసినవ్. నువ్వేం పని చేస్తవమ్మా?”

“రెండు బర్లున్నయ్ మేడం.”

“మరి కంప్యూటర్ ఎవరిది? బర్లదా?”

పక్క కుర్చీల సునీత లేచి నా బుక్కు గుంజుకున్నది. రెండు లైన్లు చదివి నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

“మేడం, షాపుల జిరాక్స్ నేను తీస్త. ఇంట్ల మా అక్క తీస్తది!”

డాక్టరమ్మ నవ్వలే. చీటీ చింపి, నిమ్మళంగ చెప్పింది. సునీతది ముందు మెరుపులొచ్చి, అర్ధగంటకు నొప్పి వచ్చే రకమట. నాది మెరుపుల్లేకుంట సీదా నొప్పే వచ్చే రకమట.

“రెండూ మైగ్రేనే గని, ఒకరిది ఒకరికి రాస్తే నేను మోసపోత. తప్పులుంటే ఉండనీ, నీది నువ్వే రాయ్,” అని అప్పుడు నవ్వింది.

మర్నాడు పొద్దుగాల పాలు పిండంగనే కుడి దిక్కు మొదలైంది. బుక్కు తీసి ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంట రాసిన. కుడి దిక్కు. మెరుపులు లెవ్వు. పేడ వాసన పడలే. వాంతి ఒకటి. ఆరున్నరకు మొదలు, ఎనిమిదికి ఖతం.

షాపుకు పోవుకుంట సునీత తొంగి చూసింది. “గంటన్నరకే తగ్గిందా అక్కా? మంచిగైంది!”

“నొప్పి ఇంక ఉన్నదే. ఖతమైంది రాసుడు.”