అడిగితే ఆగిపోయేవాడు

మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి మా పల్లెలో మగవాళ్ళంతా గాఢనిద్రలో ఉంటారు. సాయంత్రం పడవలెక్కి, రాత్రంతా వలలు వేసి, పొద్దున్నే చేపలతో ఒడ్డుకు చేరేవాళ్ళకు పగలే రాత్రి. కిటికీలకు పాత చీరలో, నల్ల పట్టాలో అడ్డం కట్టి ఉంటాయి. ఆ వేళ వీధిలో ఆడవాళ్ళు కూడా గొంతు తగ్గించే మాట్లాడుకుంటారు.

నాకు మాత్రం ఆ వేళ కన్ను మూతపడదు. ఉద్యోగమంతా పత్రికలో రాత్రి డ్యూటీలే. రిటైరయ్యాక సముద్రం దగ్గర ప్రశాంతంగా ఉండొచ్చని వాకాడు అవతల ఈ పల్లెలో చిన్న ఇల్లు తీసుకున్నాను. రాత్రి నిద్ర రాదు, పగలు కుదురు ఉండదు. కుర్చీ వరండాలోకి ఒకసారి, లోపలికి ఒకసారి మార్చుకుంటూ ఉంటాను.

పక్కింటి కోడలిదీ అదే అవస్థ. గూడూరు పిల్ల. వాళ్ళ నాన్నకు ఇంజన్లు బాగుచేసే షాపు ఉంది. పడవ ఇంజను రిపేరుకు తెచ్చిన కుర్రాణ్ణి ఇష్టపడి పెళ్ళి చేసుకుని ఇక్కడికి వచ్చింది. భర్త నిద్రపోయే వేళ ఇంట్లో సెల్‌ఫోన్ మోగకూడదు కాబట్టి, అది పట్టుకుని మా వరండాకు వచ్చేది.

"పేపరక్కా, నీకు నిద్ర రాదు గదా, రా చూద్దాం" అంటూ నా పక్కన చేరేది.

ఆమె చూసేది తెలుగులోకి డబ్బింగ్ చేసిన ఒక వాంపైర్ సీరియల్, మనుషుల రక్తం తాగి బతికేవాళ్ళ కథ. అలాంటివి నాకు కొత్త కాదు. టీవీ పేజీ చూసిన రోజుల్లో ఎన్నిటి గురించి రాశానో లెక్కలేదు. అన్నిటిలోనూ కాలేజీ పిల్ల ఒకతి ఉంటుంది. వందల ఏళ్ళు బతికిన వాడొకడు అదే క్లాసులో వెనక బెంచీలో కూర్చుంటాడు. వాడు ఆమె కోసం చెట్లమీద నుంచి దూకుతాడు, ఆమె నిద్రపోతుంటే కిటికీ బయట నిలబడతాడు, తన గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పడు. తననూ వాడిలాగే మార్చమని ఆమె అడుగుతుంది, వాడు వద్దంటాడు. దాంతోనే ఏళ్ళు గడిచిపోతాయి. దూరం నుంచి చూస్తే నవ్వొచ్చే కథ. ఈ పిల్ల పక్కన కూర్చుని చూస్తే అంత నవ్వు రాలేదు.

"ఇన్ని వందల ఏళ్ళొచ్చినా ఇంకా కాలేజీకే పోతుండాడే! పాస్ కాలేదా వీడు?" అనేది. కాసేపటికి, "కాలేజీ లేని రోజు తెల్లారితే చాలు, చీకటి గదిలో దూరతాడు. మా ఆయనా అంతే. ఎండ తగిలితే కాలిపోతాడేమో అన్నట్టు దుప్పటి ముసుగేస్తాడు" అనేది.

ఒకరోజు మాత్రం బొమ్మ ఆపేసి అంది. "ఆ పిల్ల నయం అక్కా. వాడు యాడికి పోతాడో, ఎవుర్ని కొరికేదానికి పోతాడో కూడా ఆ పిల్లకి తెలుసు. నాకేం తెలుసు? పడవ కాస్త దూరం పోతే సిగ్నల్ పోద్ది. ఇంక తెల్లారిందాకా దిక్కులు చూడాల్సిందే."

ఈ పల్లెలో ఒక కట్టుబాటుంది. సముద్రానికి బయల్దేరిన మగవాణ్ణి ఎక్కడికని గానీ, ఎప్పుడొస్తావని గానీ అడగకూడదు. అడిగితే ఆ రోజుకు ప్రయాణం ఆగిపోయినట్టే. మిగతా ఊళ్ళలోనైతే కాసేపు కూర్చుని, నీళ్ళు తాగి మళ్ళీ లేస్తారు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. ఇక్కడ పుట్టిన ఆడపిల్లలకు మాటలతో పాటే ఇదీ వచ్చేస్తుంది. ఎవరూ ప్రత్యేకంగా నేర్పరు. అందుకే ఈ గూడూరు పిల్లకు చెప్పాలని కూడా ఎవరికీ తోచలేదు.

గాలి ఎక్కువగా ఉన్న ఒక సాయంత్రం అతను మంచినీళ్ళ క్యాను, అన్నం టిఫిను పట్టుకుని గడప దాటుతున్నాడు. ఆమె వెనకనుంచి పిలిచింది.

"యాడికి పోతుండావు ఇంత గాలిలో?"

అతను ఆగాడు. క్యాను గోడవారగా పెట్టి, చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. పడవ అతను లేకుండానే వెళ్ళింది. చీకటిపడక ముందే వీధి చివరినుంచి అత్త వచ్చింది.

"ఏమ్మే, మీ గూడూరులో నాలిక్కి తాళం ఉండదా? రైలెక్కేవోణ్ణి అడిగినట్టు అడుగుతావా సముద్రానికి పొయ్యేవోణ్ణి?"

మర్నాడు ఈ సంగతి నాకు చెబుతూ ఆమె మొదట సిగ్గుపడింది, తర్వాత పకపకా నవ్వింది. "చూసినావా అక్కా! సీరియల్లో పిలిస్తేగానీ వాడు ఇంట్లోకి రాలేడు. ఇక్కడ అడిగితే బయటికి పోలేడు."

నేనూ నవ్వాను. కానీ నవ్వు ఆగాక ఆమె ముఖం చూస్తే నాకు కంగారు పుట్టింది. తన చేతిలో ఏముందో ఆమెకు అప్పుడే తెలిసొచ్చింది.

ఆ వారంలోనే మరో రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అతను క్యాను కింద పెట్టేశాడు. కోప్పడలేదు, అరవలేదు. రాత్రి తోచక అతను వాకిట్లో అటూ ఇటూ తిరుగుతుంటే వాళ్ళ గేటు చప్పుడు నాకు వినిపించేది. రెండోసారి జరిగిన మర్నాడు పొద్దున పడవ నడిపించే పెద్ద వాళ్ళింటి ముందుకే వచ్చాడు.

"నలుగురం లాగాల్సిన వల ముగ్గురం లాగతా ఉంటే నడుములు పోతుండాయిరా. ఇంకొక్కసారి ఆగినావంటే మా బామ్మర్దిని ఎక్కించుకుంటా. తర్వాత నన్ననబాక."

"అడిగినాక నేనెట్టా వచ్చేదన్నా" అన్నాడతను.

"అయితే అడగనీబాక!"

ఆ మధ్యాహ్నం ఆమె ఫోన్ తెచ్చింది గానీ చూడలేదు. తెరమీద ఆ పిల్ల ఏడుస్తోంది, వాడు కిటికీ బయట నిలబడి ఉన్నాడు.

"ఈపొద్దు అడిగితే పడవలో చోటు పోతాది. తెలుసు. ఆయనకి వేరే పనేదీ రాదు, అదీ తెలుసు" అంది. "అయినా ఆయన గడపలో కాలు పెట్టేసరికి నోరు దానంతటదే తెరుచుకుంటాది. ఏం చేసేది అక్కా?"

"ఈ సీరియళ్ళన్నిట్లో నాకొకటే విసుగు" అన్నాను. "వాడు తనంతట తను ఎప్పుడూ ఏదీ చెప్పడు. చెబితే సగం ఎపిసోడ్లు ఉండవు."

ఈ మాట కాస్త గట్టిగానే అన్నాననుకుంటాను. మా రెండిళ్ళకూ ఒకటే గోడ. వాళ్ళ కిటికీకి కట్టిన నల్ల పట్టా వెనక మంచం కిర్రుమంది.

సాయంత్రం అతను లేచి తయారయ్యేసరికి వీధిలో సగంమంది ఏదో పనున్నట్టు బయట నిలబడ్డారు. అత్త ఎదురుగా అరుగుమీద కూర్చుంది. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలుపు పక్కన నిలబడింది. నేను కుర్చీలో కూర్చోలేక లేచి గోడ దగ్గరికి వెళ్ళాను.

అతను గడప దాకా వచ్చి, దాటకుండా ఆగాడు. క్యాను నేలమీద పెట్టాడు. ఎవరి ముఖమూ చూడకుండా వాకిలికేసి చెప్పాడు.

"దక్షిణంగా పోతుండాం. పులికాట్ నీళ్ళు సముద్రంలో కలిసే మొగ దాకా. గాలి తిరిగితే ముందే వచ్చేస్తాం. లేదంటే ఎనిమిదికల్లా ఒడ్డున ఉంటా."

అతని నోట అన్ని మాటలు ఒకేసారి రావడం నేను వినడం అదే మొదలు.

"చెప్పి పొయ్యేది ఎప్పుడన్నా ఉండాదా మన ఇంట్లో?" అంది అత్త.

"అడిగితేనే గదమ్మా పోగూడనిది. నన్నెవరూ అడగలేదు" అన్నాడతను. క్యాను ఎత్తుకుని గడప దాటాడు. వెనక్కి తిరగలేదు. ఆమె కొంగు నోటినుంచి తీయలేదు.

మర్నాడు ఎనిమిదయ్యేసరికి ఆమె ఒడ్డున ఉంది. ఇంట్లో ఉండలేక నేనూ వెళ్ళాను. పడవలు ఒక్కొక్కటే వస్తున్నాయి. వాటిలో అతని పడవ లేదు. ఆమె కూర్చుంటుంది, లేస్తుంది, ఇసుకలో నాలుగడుగులు నడిచి మళ్ళీ వెనక్కి వస్తుంది. చేపలు కొనేవాళ్ళ ఆటోలు కూడా బయల్దేరుతున్నాయి. అత్త మాత్రం ఎప్పట్లాగే తీరిగ్గా బుట్టలు కడుక్కుంటోంది. కొడుకు చెప్పిన వేళ ఆమెకు గుర్తున్నట్టే లేదు.

పొద్దు బాగా ఎక్కాక ఆ పడవ వచ్చింది. అతను మోకాటి లోతు నీళ్ళలోకి దిగి, పడవ లాగుతూ భార్యను చూశాడు.

"ఎనిమిదన్నావు" అంది.

"అన్నా. సముద్రానికి చెప్పలేదు గదా."

పడవలో వాళ్ళు గొల్లున నవ్వారు. "ఏమబ్బా, ఇంటికి లేటొస్తే అటెండెన్స్ లేదా?" అన్నాడు పెద్ద.

ఆమె నవ్వలేదు. నీళ్ళలోకి నడిచి అతని చేతిలోంచి టిఫిను లాక్కుంది.

"ఇంక మీదట యాడికో చెప్పు, చాలు. టైము చెప్పబాక" అంది. "టైము చెప్పినావంటే అది దాటినకాడ్నుంచి నా ప్రాణం పోతాది."

అతను సరేనని తలూపాడు. నిద్రకు అతని కళ్ళు అప్పటికే మూతలు పడుతున్నాయి.