నీళ్లలో ఎరుపు కనపడదు

మొన్న మనవరాలికి ఈత డ్రస్సు కొనడానికి గద్వాలలో ఒక దుకాణానికి వెళ్లాం. పిల్ల ఎర్రది పట్టుకుని వదలదు. నేను మెరిసే పసుపుదే ఇమ్మని పట్టుబట్టాను. "గిది మంచిగుంది గద తాతా" అంది. నీళ్లల్ల ఎరుపు కనపడదు బిడ్డా అంటే దుకాణదారు నవ్వాడు. "ఎరుపు కనపడకపోవుడేంది పెద్దమనిషీ, ఆమడ దూరంకెల్లి కనపడ్తది!" ఆ మాట ఒకప్పుడు ఇంకొకరి నోట విన్నాను. తప్పని తెలిసీ దిద్దలేదు. ఎందుకు దిద్దలేదో ఇన్నాళ్లకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో నేనూ, కోడేరులో ఉండే మా మేనమామ కొడుకూ బావుల్లో మునిగే పని చేసేవాళ్లం. మోటారు జారి పడ్డా, గొట్టం అడుగున ఫుట్‌వాల్వు విరిగినా గోపాల్‌పేట నుంచి లింగాల దాకా మాకే కబురు వచ్చేది. నడుముకు తాడు, తాడుకు ఎర్ర గుడ్డ. ఆ గుడ్డ నీళ్లలోంచి పైకి తేలగానే మనిషి దగ్గరికొచ్చాడని గట్టు మీదివాళ్లు లాగుడు నెమ్మది చేసేవారు. అందుకే మా పనివాళ్లకు ఎరుపు మీద అంత నమ్మకం. మేనమామ కొడుకంటే నాకు బామ్మర్ది, నాకంటే అయిదేళ్లు చిన్న. నాకంటే రెండింతలసేపు ఊపిరి బిగబట్టేవాడు. పైకొచ్చాక ఆ మిగిలిన ఊపిరంతా మాటల్లో ఖర్చు పెట్టేవాడు. ఒకసారి బావిలో నా కాలికి నీళ్లపాము చుట్టుకుంటే, పైకొచ్చి వాడి మెడ పట్టుకుని అరిచాను. ఆ సంగతి మా అత్తగారింటి పెళ్లిలో, భోజనాల బంతి మధ్య నిలబడి చెప్పాడు. "పామును జూసి మా బావ నన్ను వట్టుకొని అమ్మా అన్నడుల్లా! నాకు మీసాలున్నయని గూడ సూడలే!" బంతంతా నవ్వింది. నా భార్య కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. తక్కిన నవ్వులన్నీ మరిచిపోయాను గాని, ఆ ఒక్క నవ్వును మూడేళ్లు మేపాను.

ఆ మూడో ఏడు కొల్లాపూర్ అవతల కృష్ణ ముంపు నీళ్లలో మంచినీళ్ల పంపు పని దొరికింది. మేస్త్రీ మా ఇద్దరికీ గాలి సిలిండర్లు, రబ్బరు డ్రస్సులు తెప్పించాడు. వాటి వాడకం నేర్పడానికి సముద్రంలో పనిచేసి వచ్చిన ఒక పెద్దాయన్ను పిలిపించాడు. వనపర్తి దగ్గర నీళ్లు నిండిన రాళ్ల క్వారీలో నాలుగు రోజుల పాఠం. మూడో రోజు మా బామ్మర్ది ఏదో దావతుకు పోయి రాలేదు. ఆ రోజే ఆయన ఒక ఎర్ర మగ్గు, ఒక పసుపు మగ్గు తీసుకుని నాతో పాటు మునిగాడు. లోతుకు పోయేకొద్దీ ఎరుపు మసిబారి రాయిలో రాయిలా కలిసిపోయింది. పసుపు మాత్రం అలాగే వెలుగుతోంది. తోటివాడి కంటికి ఆనడమే లోపల మీ ప్రాణం అని చెప్పాడాయన. ఆ పాఠం బామ్మర్దికి చెప్పే పని నాకు అప్పగించాడు. నేను చెప్పలేదు.

పనిలో దిగేనాడు గట్టు మీద రెండు డ్రస్సులు పరిచారు, ఒకటి ఎరుపు, ఒకటి పసుపు. "పెద్దోనివి, ముందుగాల నువ్వే తీస్కో బావా" అన్నాడు వాడు. నేను పసుపుది తీసుకున్నాను. "అయ్యో, నలుగు వెట్టిన పెండ్లికొడుకు లెక్క గొడ్తవ్! ఎర్రదైతె దూరంకెల్లి కనపడ్తది గద?"

"అందుకే నీకిడిసిపెట్టిన" అన్నాను.

"నా మీద గింత ప్రేమెప్పటికెల్లి బావా!" అని సంబరంగా తొడుక్కుని, గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి, ఎర్ర రొమ్ము మీద ఎర్ర కుంకుమ రాసుకున్నాడు. వాడు చావాలని నేను కోరుకోలేదు. ఒక్కసారి లోపల తప్పిపోయి, భయపడి, నాలాగా అరవాలనుకున్నాను. అంతే. అంతే అని ఇప్పుడు రాస్తుంటే ఎంత చిన్నగా కనపడుతోందో!

పంపు ఆపించి దిగాం. గొట్టం మూతికి పాత చేపల వల చుట్టుకుంది. నాలుగు నిలువుల లోతు, నీళ్లు పాచి రంగు. వాడు ఆ పక్క, నేను ఈ పక్క కోస్తున్నాం. తిరిగి చూస్తే వాడు లేడు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, ముందు నాకు సంతోషం వేసింది. కొన్ని ఊపిరులు లెక్కపెట్టుకుంటూ కావాలనే ఆగాను. ఆ తర్వాత వెతికితే మునిగిన చెట్లలో ప్రతి నల్లటి మోడూ వాడే అనిపించింది, ఏదీ వాడు కాదు. చివరికి సన్నగా పైకి పోతున్న బుడగలు కనిపించాయి. వాటిని పట్టుకుని దిగితే, తెగి జారిన వలలో మెడ దాకా చిక్కుకుని ఉన్నాడు. కత్తితో కోసి పైకి తెచ్చాను. గట్టు మీద అందరూ నా వీపు తట్టారు.

నాగర్‌కర్నూల్ దవాఖానలో మరునాటికి వాడికి మాట వచ్చింది. "నేను నిన్ను జూస్తనే ఉన్న బావా. పసుపుగ, దీపం లెక్క. రెండుసార్లు నా పక్కకెల్లే పోయినవ్. ఎందుకు సూడలే?"

క్వారీ పాఠం, దాచిన మాట, లెక్కపెట్టిన ఊపిరులు, అన్నీ చెప్పేశాను. వాడు మణికట్టు మీద వల కోసిన గీతలు తడుముకుంటూ విన్నాడు. "మా నాయినకు చెప్పినవా?" అన్నాడు.

"లేదు. నువ్వే చెప్పు. నన్ను తిట్టు, కొట్టు."

"చెప్ప. నువ్వు గూడ చెప్పకు. నేను తిడితె పొద్దుమూకేసరికి నీ పానం తేలికైతది. గంత సుకం నీకు నేనియ్య."

ఆ మాట మీదే ఉన్నాడు. నీళ్ల పని మానేసి కోడేరులో సైకిళ్ల దుకాణం పెట్టుకున్నాడు. మా మేనమామ పోయేదాకా నన్ను కొడుకు ప్రాణం కాపాడినవాడనే అనుకున్నాడు. నేను వెళితే వాడు చాయ్ తెప్పిస్తాడు, బావా అంటాడు, కుర్చీ తుడిచి వేస్తాడు. ఈ రోజైనా ఒక తిట్టు తిడతాడేమోనని చాయ్ చల్లారేదాకా కూర్చుని లేచి వస్తాను. కాలం గడిస్తే పగ పాతబడుతుందంటారు. మా విషయంలో పాతబడింది మనుషులమే.